పదిమంది చేతుల్లో

అమీర్‌పేట, హైదరాబాద్
ఫిబ్రవరి 2001

పిన్నికి,

నమస్కారాలు. కాకినాడ నుంచి వచ్చాక ఒక్క ఉత్తరమైనా రాయలేదని నీకు కోపంగా ఉండి ఉంటుంది. ఫోన్‌లో మాట్లాడుతూనే ఉన్నాం కదా అనుకున్నాను. కానీ ఫోన్‌లో “బాగున్నావా, బాబు బాగున్నాడా” దాటి మనం ముందుకు వెళ్లం. నీ పక్కన అమ్మ ఉంటుంది, నా పక్కన ఇంకెవరో ఉంటారు.

మేముండేది కంప్యూటర్ కోర్సుల సందుల వెనక, ఒక మేడ మీద వాటాలో. కిటికీ తీస్తే కరెంటు స్తంభాలకు కట్టిన జావా, ఒరాకిల్ బ్యానర్లు, ఫైళ్లు గుండెకు హత్తుకుని పరుగులాంటి నడక నడిచే పిల్లలు. కింద ఇంటివాళ్లుంటారు. రాజనర్సయ్యగారు సనత్‌నగర్‌లో ఫ్యాక్టరీ ఉద్యోగం చేసి రిటైరయ్యారు. ఆయన భార్య రుద్రమ్మగారు, నేను పంజాగుట్ట ఆఫీసుకు వెళ్లి వచ్చేదాకా బాబును చూసుకుంటారు. మేం కేదార్ అని పేరు పెట్టుకుంటే ఆవిడ మొదటిరోజే చింటు అనేసింది. ఇప్పుడు సందంతా అదే పిలుపు. తారక్‌ను కంపెనీ బెంగళూరు ప్రాజెక్టులో వేసింది. రెండు వారాలకోసారి వచ్చి ఒక ఆదివారం ఉండి పోతాడు. అమెరికా నుంచి పని తగ్గిందట, మా ఆఫీసులో ఒక వరస కుర్చీలు ఖాళీ అయ్యాయి. సెలవు అడగడానికి ఎవరికీ ధైర్యం లేదు.

నిన్నొక సంగతి అడగాలి. జువాలజీ లెక్చరర్‌వి కాబట్టి నిన్నే అడగాలి. మా ఆఫీసులో అనుపమ అనే అమ్మాయికి ఈమధ్యే బిడ్డ పుట్టింది. బిడ్డను చూస్తే తనకేమీ అనిపించడం లేదంటుంది. పాలిస్తుంది, స్నానం చేయిస్తుంది, టీకాలు వేయిస్తుంది. కానీ అందరూ చెప్పే ఆ ప్రేమ ఏదో తనదాకా రాలేదంటుంది. తల్లి ప్రేమ పుట్టుకతో వచ్చేదేనా? అన్ని జంతువులకూ ఉంటుందా? లేకుండా పుట్టే తల్లులు కూడా ఉంటారా? నీకు తోచింది రాయి, ఆమెకు చెబుతాను.

నీ రవళి


కాకినాడ
మార్చి 2001

చిరంజీవి రవళికి,

ఆశీస్సులు. ఇన్నేళ్లుగా పాఠం చెబుతున్నా, మా అమ్మాయిలు పరీక్షకు వచ్చే ప్రశ్నలే అడుగుతారు. నీ స్నేహితురాలు అడిగింది అలాంటిది కాదు. అందుకే నాలుగు రోజులు ఆలోచించి రాస్తున్నాను.

ముందు ఒక హెచ్చరిక. జంతువు ఒక పని చేస్తుంది కాబట్టి మనమూ చేయాలనడం తర్కం కాదు. ఆడవాళ్లు ఇంట్లోనే ఉండాలని చెప్పడానికి కోడినీ ఆవునూ సాక్ష్యానికి పిలిచేవాళ్లను నేను స్టాఫ్‌రూమ్‌లో రోజూ చూస్తుంటాను. పరిణామం మనం ఎలా వచ్చామో చెబుతుంది, ఎలా ఉండాలో చెప్పదు. ఆ సంగతి మనసులో పెట్టుకుని చదవమను.

చింపాంజీ తల్లి పిల్లను కన్నాక నెలల తరబడి ఎవరినీ తాకనివ్వదు. ఆ పిల్లకు లోకమంటే తల్లి పొట్ట మీది బొచ్చే. మన కొండముచ్చులు అలా కాదు. పుట్టిన రోజే పిల్ల చేతులు మారుతుంది. చిన్నమ్మలూ అక్కలూ లాక్కుని ఎత్తుకుంటారు, తల్లి ఆ కాస్సేపు చిగుళ్లు తిని వస్తుంది. మనిషి ఈ విషయంలో చింపాంజీ కన్నా కొండముచ్చుకు దగ్గర. మన పిల్ల తనంతట తాను బతకడానికి పదిహేనేళ్లు పడుతుంది. అంత తిండి ఒక తల్లి, ఒక తండ్రి వేటాడి, తవ్వి తేలేరు. అమ్మమ్మ, పిన్ని, పొరుగావిడ, పెద్దపిల్లలు, వీళ్లందరి చేతుల్లో పెరిగిన పిల్లలే బతికి, మనకు పూర్వీకులయ్యారు. ఆడవాళ్లు కాన్పులు ఆగిపోయాక కూడా అన్నేళ్లు బతకడం అందుకేనని కొందరంటారు. నాకూ ఆ మాట నచ్చుతుంది, నా వయసు వల్ల కావచ్చు.

కాబట్టి ప్రేమ అనేది బిడ్డతోపాటు పుట్టి సిద్ధంగా ఉండే వస్తువు కాదని చెప్పు. కొందరికి వెంటనే వస్తుంది, కొందరికి ఆలస్యంగా వస్తుంది. చుట్టూ చేతులున్నాయా లేదా అనే దాన్ని బట్టి కూడా ఉంటుంది.

అక్కకు మోకాళ్ల నొప్పి. హైదరాబాద్ రావాలని ఉన్నా ప్రయాణం చేయలేనంటోంది.

నీ పిన్ని
అరుణ


అమీర్‌పేట
మే 2001

పిన్నికి,

నీ ఉత్తరం అనుపమకు చదివి వినిపించాను. కొండముచ్చుల దగ్గర నవ్వింది.

ఒక సంగతి నాకు వింతగా ఉంది. పసిపిల్ల నవ్వు కూడా అలా వచ్చిందేనా? చుట్టూ ఉన్నవాళ్లలో ఎవరు తనను ఎత్తుకుంటారో తెలియని పిల్ల, అందరినీ చూసి నవ్వడం నేర్చుకుందన్నమాట. కేదార్‌ను చూస్తే అది నిజమేననిపిస్తుంది. కిందకు తీసుకెళ్లగానే రుద్రమ్మగారిని చూసి ఒళ్లంతా కదిలేలా నవ్వుతాడు. పాలవాడికీ నవ్వుతాడు, మీటరు చూడటానికొచ్చిన కరెంటాయనకూ నవ్వుతాడు. నాకూ అదే నవ్వు. నేనూ ఆ వరసలో ఒకదాన్ని. దాని వెనక ఏమీ లేదని, గాలానికి ఎర లాంటిదని తెలిశాక, ఆ నవ్వును ఏం చేసుకోవాలి పిన్నీ?

రుద్రమ్మగారు మంచావిడే. కానీ నోరు ఆగదు. నేను పాలడబ్బా మూత సరిగా పెట్టకపోయినా సందు చివరిదాకా తెలుస్తుంది. మొన్న నేను మెట్లు దిగుతుంటే అరుగు మీద ఎవరితోనో అంటోంది, “గా పిల్లకు బిడ్డ మీద పాణం లేదు. ఎత్తుకునుడు సుత ఎవరిదో సామాను మోసినట్టు ఎత్తుకుంటది.” నన్ను చూసి మాట మార్చింది. నేనూ విననట్టే వెళ్లిపోయాను.

అనుపమ సంగతి అలాగే ఉంది. బిడ్డ ఏడుస్తుంటే స్నానాల గదిలోకి వెళ్లి పంపు తిప్పుతుందట. నీళ్ల చప్పుడులో ఏడుపు వినపడదు. బకెట్ నిండి పారుతున్నా అలాగే నిలబడుతుందట. ఆఫీసులో మాత్రం బాగానే ఉంటుంది. ప్రోగ్రాములో తప్పు దొరికితే ఆమెనే పిలుస్తారు.

అమ్మ వస్తుందేమోనని ఎదురుచూశాను. రాదని తెలిసింది. నేను పురిటికి వచ్చినప్పుడు కూడా అమ్మ బాబును సరిగా ఎత్తుకోలేదు, నువ్వు గమనించావో లేదో.

రవళి


కాకినాడ
మే 2001

చిరంజీవి రవళికి,

ఒకటి అడుగుతాను. అనుపమ అనే అమ్మాయి నిజంగా ఉందా?

జవాబు చెప్పకపోయినా ఫరవాలేదు. ఉందనే అనుకుని రాస్తున్నాను.

నవ్వు ఎలా వచ్చిందో తెలిసినంత మాత్రాన అది అబద్ధమైపోదు. ఆకలి ఎందుకుందో తెలిసినా అన్నం రుచి తగ్గదు కదా. ఎర వేసేవాడికి చేప మీద ప్రేమ ఉండదు. పసివాడికి తనను ఎత్తుకున్నవాళ్లే లోకం. రెండూ ఒకటి కాదు.

ఆ అమ్మాయి తన తప్పేనని అనుకుంటోందేమో. అలా అనుకోవద్దని చెప్పడానికి ఇంకొకటి రాస్తున్నాను. దక్షిణ అమెరికా అడవుల్లో మార్మొసెట్ అనే గుప్పెడంత కోతి ఉంటుంది. కవల పిల్లల్ని కంటుంది. వాటిని మోయడానికి తండ్రి, అన్నలు, మిగతావాళ్లు ఉంటారు. మోసేవాళ్లు దొరకని తల్లి ఒక్కోసారి పిల్లల్ని వదిలేసి వెళ్లిపోతుంది. అది క్రూరత్వం కాదు. సాయం ఉంటేనే తల్లి కాగలిగే జాతి అది. మనమూ అలాంటి జాతివాళ్లమేనని ఈమధ్య కొందరు శాస్త్రజ్ఞులు అంటున్నారు. తల్లి మనసు చల్లబడటం చాలాసార్లు ఆమె ఒంటరితనానికి గుర్తు, ఆమె గుణానికి కాదు.

తారక్‌కు ఈ సంగతులన్నీ తెలుసా? తెలియకపోతే చెప్పమను, ఆ అమ్మాయి భర్తకు.

అరుణ


అమీర్‌పేట
జూన్ 2001

పిన్నికి,

అనుపమ లేదు. నీకు మొదటి ఉత్తరంలోనే తెలిసి ఉంటుంది.

నీ ఉత్తరం ఒక శనివారం వచ్చింది. పిల్లల్ని వదిలేసి వెళ్లిపోయే ఆ కోతి దగ్గర ఆగిపోయాను. నువ్వు ఓదార్చడానికే రాశావని తెలుసు. కానీ నేను చదివింది వేరు. నేనెవరో నాకు ఎవరో చెప్పినట్టనిపించింది. మనుషుల్ని కోతులతో పోల్చడం పాఠం చెప్పేటప్పుడు బాగుంటుంది పిన్నీ. ఇల్లంతా ఏడుపు నిండి ఉన్నప్పుడు చదివితే బాగుండదు.

మర్నాడు ఆదివారం. తారక్ రాలేదు, పనుందన్నాడు. బాబు పొద్దుటి నుంచి ఏడుస్తూనే ఉన్నాడు. మధ్యాహ్నం వాణ్ణి ఉయ్యాలలో పడుకోబెట్టి, తలుపు బయట గడియ పెట్టి మెట్లు దిగాను. ఏమీ ఆలోచించలేదు. అమీర్‌పేట రోడ్డు వెంట నడిచి పంజాగుట్ట బస్‌స్టాప్‌లో కూర్చున్నాను. ఏదో బస్సు వస్తే నంబరు చూడకుండా ఎక్కాను. బస్సు ఎక్కడెక్కడో తిరిగింది. చివరి స్టాపులో కండక్టర్ దిగమంటే దిగాను. అక్కడ చెట్టు కింద ఒకామె తన పిల్లకు జామకాయ కొరికి ముక్కలు పెడుతోంది. అప్పుడు గుర్తొచ్చింది, వాడు ఒక్కడే ఉన్నాడని. మర్చిపోయానని కాదు. తెలిసే ఉంది, కానీ నాకు సంబంధించిన సంగతిలా లేదు.

తిరిగి వచ్చేసరికి చీకటి పడుతోంది. రుద్రమ్మగారు మెట్ల మీద కూర్చుని ఉంది, బాబు ఆవిడ ఒళ్లో నిద్రపోతున్నాడు. ఏడుపు విని గడియ తీసిందట. తిడుతుందనుకున్నాను. “పాలు తాగి పండిండు. నువ్వేమన్న తిన్నవా?” అంది. అంతే.

మర్నాడు ఆఫీసు నుంచి వచ్చి బాబును ఇమ్మంటే ఇవ్వలేదు. గుమ్మానికి అడ్డంగా నిలబడి, “నీ మనసు కుదుటపడేదాక చింటు మా తాననే ఉంటడు బిడ్డా. నేను మీ ఆయనకు ఫోన్ చేపిచ్చిన” అంది. నేను ఆవిడ చెయ్యి లాగి లోపలికి వెళ్లాను. ఏమేం అన్నానో నాకే గుర్తులేదు. నా బిడ్డను నాకివ్వకపోవడానికి నువ్వెవరన్నాను. రాజనర్సయ్యగారు మధ్యలోకి వచ్చారు. సందులోవాళ్లంతా చూశారు. బాబును ఎత్తుకుని పైకి వచ్చాను.

తారక్ రేపు వస్తున్నాడు. అతనికి ఏం చెప్పాలో తెలియదు. అమ్మకు చెప్పకు.

రవళి


కాకినాడ
జూన్ 2001

రవళీ,

ఈ ఉత్తరం కొరియర్‌లో పంపుతున్నాను. నీ ఉత్తరం చూసి వెంటనే ఫోన్ చేస్తే నువ్వు నవ్వుతూ మాట్లాడావు. అందుకే మళ్లీ రాస్తున్నాను.

మొదటిది. నా దగ్గర చదువుకుని ఇప్పుడు డాక్టరైన ఒక అమ్మాయిని అడిగాను, నీ పేరు చెప్పలేదు. ఇది పురిటి తర్వాత కొందరికి వచ్చే జబ్బంది. మందు ఉంది, తగ్గుతుంది. పంజాగుట్టలో ఒక డాక్టరమ్మ పేరు చెప్పింది, వెనక రాశాను. తారక్‌ను తీసుకుని ఈ వారంలోనే వెళ్లు. అప్పటిదాకా ఇంట్లో ఒక్కదానివే ఉండొద్దు. నాకు కోతుల సంగతి తెలుసు గానీ నాకు తెలియనిది చాలా ఉంది. అది ఎవరికి, ఎప్పుడు చెప్పాలో కూడా తెలియలేదు.

రెండోది, నీకు చెప్పకూడదని అక్క నా దగ్గర మాట తీసుకుంది. ఇప్పుడా మాట తప్పుతున్నాను.

నువ్వు పుట్టినప్పుడు మీ నాన్న అచ్యుతరావుగారు ఒరిస్సా సరిహద్దులో ఆనకట్ట పని మీద ఉన్నారు. అడవిలో క్వార్టర్లు. పొరుగువాళ్ల భాష అక్కకు రాదు, వాళ్లకు మనది రాదు. బావగారు తెల్లారి వెళ్తే చీకటిపడ్డాక వచ్చేవారు. అక్క నిన్ను కనడానికి ఇక్కడికి వచ్చి, మూడో నెలలో తీసుకెళ్లింది. తర్వాత బావగారి నుంచి ఒక ఉత్తరం వచ్చింది, అరుణను పంపండి అని. అప్పుడే నా డిగ్రీ పరీక్షలు అయ్యాయి. వెళ్లేసరికి నువ్వు చాప మీద తడి గుడ్డల్లో ఉన్నావు. అక్క గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. ఆ రోజు నుంచి నువ్వు నా చంకలోనే పెరిగావు. నీకు పది నెలలు వచ్చేదాకా అక్క నిన్ను తనంతట తానుగా ఒక్కసారి కూడా ఎత్తుకోలేదు. అప్పుడు దానికి పేరు లేదు. గాలి సోకిందన్నారు, పొగరన్నారు.

తర్వాత మీ అమ్మ నీకు ఎలాంటి తల్లయిందో నీకే తెలుసు. నీ బాబును ఎత్తుకోవడానికి ఆమె భయపడింది. మోకాళ్ల నొప్పి నిజమే, కానీ రాకపోవడానికి కారణం అది కాదు.

అరుణ


అమీర్‌పేట
సెప్టెంబర్ 2001

పిన్నికి,

ఇన్నాళ్లు రాయకపోవడానికి కారణం కోపమే. మీరిద్దరూ ఇరవై ఏడేళ్లు నాకు చెప్పలేదు. తెలిసి ఉంటే ఆ స్నానాల గదిలో అంతసేపు నిలబడేదాన్ని కాదేమోననిపించింది. ఇప్పుడు ఆ కోపం తగ్గింది.

డాక్టర్ దగ్గరకు వెళ్లాం. ఆవిడ ఎక్కువ మాట్లాడలేదు. నేను చెప్పిందంతా విని, “ఎవరైనా తోడున్నారా?” అని అడిగింది. మందులకు మొదట్లో బాగా నిద్ర వచ్చేది. నిన్నటి కన్నా ఇవాళ బాగుంది అనుకునే రోజులు ఎప్పుడు మొదలయ్యాయో తెలియదు. తారక్ బెంగళూరు ప్రాజెక్టు వదిలేస్తానని చెప్పి వచ్చేశాడు. ఉద్యోగం ఉంటుందో పోతుందో ఇంకా తేలలేదు. ఇంట్లోనే ఉంటున్నాడు. బాబుకు అన్నం కలపడం రుద్రమ్మగారి దగ్గర నేర్చుకున్నాడు. ఆవిడ దగ్గరకు నేనే వెళ్లి మాట్లాడాను. క్షమించమని అడగబోతే వినలేదు, “ఇగ చాలు తియ్యి” అని చింటును నా మీదికి తోసింది. నా గురించి ఇప్పటికీ సందులో చెబుతూనే ఉంటుంది. అది మారదు.

అమ్మ వచ్చిన సంగతి నీకు తెలుసు. నువ్వే రైలెక్కించావట. రెండు రోజులు బాబుకు దూరంగా కూర్చుంది. వాడు పాకుతూ వస్తే కాళ్లు వెనక్కి లాక్కునేది. మూడో రోజు కింద పొయ్యి మీద పాలు పొంగుతుంటే రుద్రమ్మగారు, “అక్కా, జర గీ పోరన్ని పట్టుకో” అని వాణ్ణి అమ్మ ఒళ్లో కూర్చోబెట్టి పరిగెత్తింది. అమ్మ బిగుసుకుపోయి కూర్చుంది. వాడు ఆమె గాజులు లాగుతున్నాడు. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. అప్పుడు అడిగాను, ఆ రోజుల గురించి.

అమ్మ వాడి వేళ్ల మధ్య నుంచి గాజులు విడిపించుకుంది. తర్వాత, “నిన్ను ఎత్తుకోవాలంటే పడేస్తానేమోనని భయంగా ఉండేది. ప్రేమ లేకపోయిందో, భయమే ఎక్కువైందో, నాకిప్పటికీ తెలీదే” అంది.

ఎప్పుడు మారిందని అడిగాను.

“ఒకరోజు అరుణ పొయ్యి దగ్గర ఉంది. నువ్వు దాని చంకలో ఉండి నా వైపు చేతులు చాచావు. నేను లేచి వచ్చాను. ‘ఉండక్కా, నువ్వు పట్టుకోలేవు’ అని అది నిన్ను అటు తిప్పేసుకుంది. నాకు ఒళ్లు మండిపోయింది. నా పిల్లని నేను పట్టుకోలేనని చెప్పడానికి ఇదెవత్తి అనుకున్నాను. ఆ కోపం ఎంత బాగుందో నీకు చెప్పలేను రవళీ. నెలల తర్వాత ఒంట్లోకి రక్తం వచ్చినట్టుంది.”

నీకు ఈ సంగతి తెలుసా పిన్నీ?

కేదార్ నన్ను చూసి ఇప్పుడు వేరేగా నవ్వుతున్నాడు. కరెంటాయనకు నవ్వే నవ్వు కాదు. నేను అనుకోవడమే కావచ్చు. శాస్త్రం ఏమంటుందో నాకిప్పుడు అక్కరలేదు, నీకు తెలిసినా రాయకు.

దీపావళి దాటాక కూకట్‌పల్లి వైపు ఒక ఫ్లాట్‌కు మారుదామనుకుంటున్నాం. అమ్మ మాతో ఉంటానంది. రుద్రమ్మగారికి ఇంకా చెప్పలేదు. సామాను కట్టే ముందు చెబితే సరిపోతుందంటున్నాడు తారక్.

నీ రవళి


కాకినాడ
అక్టోబర్ 2001

చిరంజీవి రవళికి,

ఆశీస్సులు. నీ ఉత్తరం చాలాసార్లు చదివాను.

ఆ కోపం సంగతి నాకు తెలియదు. అక్క నాతో వారం రోజులు సరిగా మాట్లాడలేదని మాత్రం గుర్తుంది. ఏం తప్పు చేశానో అర్థం కాలేదు. తర్వాత, ఇక నీకు శ్రమెందుకు, పై చదువుకు దరఖాస్తు పెట్టుకోవాలి కదా అని నన్ను పంపించేశారు. జీపు ఎక్కేటప్పుడు నువ్వు అక్క చంకలో ఉన్నావు. నేను పిలిస్తే చూసి, మళ్లీ ఆమె మెడలో తల పెట్టుకున్నావు. అందరికీ కావలసింది అదే. బావగారి కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు చాలా సంతోషంగా ఉందని అందరికీ చెప్పాను.

కాకినాడ వచ్చాక చాలా రోజులు నిలబడితే నా నడుము ఒక పక్కకు ఒరిగే ఉండేది. మీ అమ్మమ్మ చూసి, సరిగా నిలబడవే అనేది. పాలు కాగే వాసనకు ఉలిక్కిపడి లేచేదాన్ని. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి నేను నీకు తల్లిని కాదు కదా.

ఇన్నేళ్లుగా ఎత్తుకునే చేతుల వల్ల బిడ్డకేం లాభమో, తల్లికేం లాభమో, జాతికేం లాభమో బోర్డు మీద గీసి మరీ చెబుతున్నాను. ఎత్తుకుని, పెంచి, తిరిగి ఇచ్చేసిన వాళ్లకు ఏమవుతుందని ఏ అమ్మాయీ అడగలేదు. నేనూ చెప్పలేదు. నేను చదివిన లెక్కల్లో దానికి గడి లేదు.

మీరు ఫ్లాట్‌కు మారడం మంచిదే. అక్క మీతో ఉండటం ఇంకా మంచిది. కానీ రుద్రమ్మగారికి సామాను కట్టే రోజున కాదు, ఇవాళే చెప్పు. ఆవిడ ఏదో ఒకటి అంటుంది, సందంతా వినేలా అంటుంది. మాట పడు. మారాక కొన్నాళ్లు ఆదివారం పూట బాబును తీసుకుని అమీర్‌పేట వెళ్లు. వాడు మొదట ఆవిణ్ణి గుర్తుపట్టకపోవచ్చు, నీ మెడ పట్టుకుని వదలకపోవచ్చు. అయినా తీసి ఆవిడ ఒళ్లో పెట్టు.

పెట్టి, కాసేపు నువ్వు పక్కకు వెళ్లు.

నీ పిన్ని
అరుణ